పశులోకమును నెలకొల్పిన మీరాబెన్

సంక్రాంతి మరునాడు కనుమ. ఆనాడు మన పల్లెలలో పశువులను చెరువుకు తోలి కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలును పూలదండలును కట్టి, పొంగలి తినిపించుట ఆచారము. ఢిల్లీ నగరమున ప్రభుత్వోద్యోగములలో నుండి, అంతస్తుల క్వార్టర్లలో కాపురముచేయు మనబోంట్లకు కనుమ నేడు గారెలకును, గుమ్మమునందలి చిన్న ముగ్గుకును పరిమితమైనది. అయినను ఆ పండుగ పేరు చెప్పగనే మనలో చాలమంది మనస్సులలో ఏదో యొక పశువు మెదలును. నా మనస్సులో మెదలునది ఒక ముసలి యెద్దు. పదునాలుగేండ్లు అది మా ఇంట నాగలి లాగినది, బండి లాగినది. దుక్కికి ట్రాక్టరును అద్దెకు పిలుచుట మొదలుపెట్టిన యేడు దానిని సంతకు తోలిరి. ఆ రాత్రి మా నాయనమ్మ అన్నము ముట్టలేదు. నాకప్పుడు తొమ్మిదేండ్లు. ఎద్దు ఎక్కడికి పోయినదని అడిగితిని. ఎవరును బదులు చెప్పలేదు.

ఆ ప్రశ్న మా యొక్క ఇంటికి చెందినది మాత్రమే కాదని పెద్దయిన తరువాత తెలిసినది. పాలిచ్చినంతకాలము ఆవును, దున్నినంతకాలము ఎద్దును దైవముగా కొలుచు దేశమున, ఒట్టిపోయిన ఆవు, కాడి మోయలేని యెద్దు ఎక్కడ నుండవలెను? వానికి ఎవరు మేత వేయవలెను? ఎన్నాళ్లు వేయవలెను? ఈ ప్రశ్నలకు ఉపన్యాసములతో గాక, ఇంత భూమి, ఇంత గడ్డి, ఇంత నీరు అని చూపి బదులు చెప్పబూనిన కొద్దిమందిలో ఒక ఆంగ్ల వనిత కలదు. ఆమె పుట్టుపేరు మాడలీన్ స్లేడ్. దేశమెల్ల ఎరిగిన పేరు మీరాబెన్. గాంధీజీ శిష్యురాలుగా ఆమెను ఎరుగనివారు అరుదు. ఋషికేశము చెంత ఆమె నెలకొల్పిన పశులోక్ సంగతి ఎరిగినవారు అంతకంటె అరుదు. ఆమె జీవితమును ఆ వైపునుండి ఒకసారి చెప్పుకొనుట ఈ వ్యాసము ఉద్దేశము.

మాడలీన్ 1892వ సంవత్సరము నవంబరు 22వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. తండ్రి ఎడ్మండ్ స్లేడ్ బ్రిటిషు నౌకాదళమున ఉన్నతాధికారి. ఆయన సముద్రములపై ఎక్కువకాలము గడుపుటచే ఆమె బాల్యము చాలవరకు సర్రే ప్రాంతమున, డార్కింగ్ పట్టణమునకు సమీపముననున్న మాతామహుని ఇంట గడచినది. అది విశాలమైన తోటలు, గుఱ్ఱపుసాలలు, పశువుల కొట్టములు గల పల్లెటూరి గృహము. సంపన్న కుటుంబముల కన్యలు నాట్యములకును విందులకును ఉవ్విళ్లూరు కాలమున ఈ బాలికకు గుఱ్ఱములతోడి సహవాసమే మక్కువ. చెట్టును, పశువును చూచి అది తనవంటి ప్రాణియే యని తలచు గుణము ఆమెకు చిన్ననాటనే అబ్బినది. తండ్రి ఈస్టిండీస్ నౌకాస్థావరమునకు అధిపతిగా నియుక్తుడైనపుడు ఆమె కొంతకాలము బొంబాయిలోను ఉండెను. కాని ఆనాడు ఆమె చూచినది దొరల క్లబ్బులును, విందులును గల భారతదేశము. అది ఆమె మనస్సున కెక్కలేదు.

ఆమెను మొదట కట్టివేసినది సంగీతము. జర్మను సంగీతకారుడైన బీథోవెన్ రచనలు విన్ననాటినుండి ఆమెకు వేరు ధ్యాస లేకపోయెను. ఆ మహనీయుని జీవితమును ఆధారము చేసికొని నవల వ్రాసిన ఫ్రెంచి రచయిత రొమే రోలా గ్రంథములు చదువుటకై ఫ్రెంచిభాష నేర్చుకొని, స్విట్జర్లాండుపోయి ఆయనను దర్శించెను. రోలా అప్పుడే గాంధీజీని గూర్చి చిన్న పుస్తకము వ్రాసి అచ్చున కిచ్చియుండెను. ఆ మాటల సందర్భమున ఆమె గాంధీజీని గూర్చి వినెను. 1924లో ఆ పుస్తకము చేతికిరాగా ఒక్కదినమున చదివి ముగించెను. తన బ్రతుకు దారి ఏదో ఆనాడే ఆమెకు స్థిరపడినది.

ఇచ్చట ఆమె స్వభావమును తెలుపు విషయ మొకటి కలదు. ఆమె వెంటనే ఓడకు టిక్కెట్టు కొనెను. కాని తాను సిద్ధముగా లేనని గ్రహించి ప్రయాణమును తానే వాయిదా వేసికొనెను. ఒక సంవత్సరముపాటు మాంసాహారము మాని, నేలపై కూర్చుండుట, నేలపై పరుండుట అభ్యసించి, నూలు వడకుట నేర్చి, మన భాష నేర్చుట కారంభించెను. ఆ సంవత్సరముననే గాంధీజీ హిందూ ముస్లిముల ఐక్యతకై ఢిల్లీలో 21 దినములు ఉపవసించి బయటపడగా, కృతజ్ఞతగా 20 పౌనులు పంపి, తన కోరికను తెలిపెను. పిమ్మట 1925 నవంబరు 7వ తేదీన సబర్మతీ ఆశ్రమమున అడుగిడెను. అప్పటికామె వయస్సు ముప్పదిమూడేండ్లకు కొద్ది దినములు తక్కువ. గాంధీజీ ఆమెను కుమార్తెగా స్వీకరించి మీరా యని నామకరణము చేసిరి. ఆమె కేశఖండనము చేయించుకొని, ఖద్దరు చీర కట్టి, ఆశ్రమమునందలి పాయిఖానాలు కడుగు పనితో సేవ నారంభించెను.

ఆమె ఆశ్రమజీవితమున తొలి యేండ్లలోనే, 1928లో, పశువులను గూర్చిన ఒక పెద్ద వివాదము దేశమున చెలరేగినది. ఆశ్రమమున ఒక లేగదూడ మానరాని వ్యాధితో విలవిలలాడుచుండెను. దానికి బ్రతుకు ఆశ లేదనియు, బాధ భరింపరానిదనియు నిశ్చయించుకొని గాంధీజీ వైద్యునిచే సూదిమందు ఇప్పించి దాని ప్రాణమును శాంతింపజేసిరి. అహింసను ప్రబోధించువాడు గోహత్య చేసెనని పలువురు నిందించిరి. ఆయన ఆ నిందకు వెరవలేదు. ప్రాణిని బ్రతికియుంచుట మాత్రమే దయ కాదనియు, దాని బాధకు మనము బాధ్యత వహించుటయు దయలోని భాగమే యనియు ఆయన భావము. దేశమునందలి పింజరాపోళ్లను చూచి ఆయన చాలమారులు బాధపడిరి. భక్తులు పుణ్యమునకై విడిచిన పశువులు అచ్చట ఇరుకు దొడ్లలో మేత చాలక కృశించుట ఆయన ఎరుగుదురు. గోరక్షణమనగా ఆవును కసాయివానినుండి విడిపించుటతో ముగియు పని కాదనియు, మంచి మేత, మంచి జాతి, ముసలితనమున నీడ, సహజముగా చచ్చిన పిదప తోలుకును ఎముకలకును వినియోగము, ఇవన్నియు కలిసినపుడే అది నిలుచుననియు ఆయన నమ్మకము. మీరాబెన్ తరువాత చేసిన పనికి పునాది ఈ నమ్మకమే.

నడుమ పదునైదేండ్ల ఆమె చరిత్ర మన స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో భాగము. 1931లో రౌండుటేబులు సమావేశమునకు గాంధీజీతో కలిసి లండను పోయి, తూర్పు లండనులోని పేదల పేటయందు కింగ్స్‌లీ హాలున బసచేసెను. తిరిగివచ్చిన పిదప కారాగారవాస మనుభవించెను. వార్ధా సమీపమునందలి సేగాఁవ్ గ్రామమున గాంధీజీకంటె ముందు కాపురము పెట్టి, పల్లెవారికి పారిశుద్ధ్యము నేర్పబూనెను. 1936లో గాంధీజీ ఆ యూరికి మకాము మార్చిరి. అదియే పిదప సేవాగ్రామమైనది. నేడు యాత్రికులు బాపూకుటీ యని దర్శించు మట్టియిల్లు మొదట మీరాబెన్ తనకొరకు కట్టించుకొన్నదే. గాంధీజీ అందులోనికి రాగా ఆమె దానిని విడిచి వేరొకచోటికి పోయెను. తాను కట్టినదానిని ఇతరుల కప్పగించి ముందునకు సాగుట ఆమె జీవితమున పలుమారులు జరిగినది.

1942 ఆగస్టు 9వ తేదీన గాంధీజీతోపాటు ఆమెయు నిర్బంధింపబడి, పూనాలోని ఆగాఖాన్ భవనమున ఉంచబడెను. అచ్చటనే మహాదేవ దేశాయియు, కస్తూరిబాయియు కన్నుమూయుట ఆమె చూచెను. 1944 మే నెలలో విడుదలయైన పిమ్మట, గాంధీజీ నీడనుండి వెలికివచ్చి స్వతంత్రముగా గ్రామసేవ చేయవలెనను సంకల్పము ఆమెకు కలిగెను. అప్పటికామెకు ఏబదియొక యేడులు. రూర్కీ హరిద్వారముల నడుమ మూల్దాస్‌పూర్ అను పల్లెవద్ద కిసాన్ ఆశ్రమమును స్థాపించెను. అచ్చటి రైతులతో కలిసి మెలగి, పొలమును, పశువును, పెంటపోగును ఒకే సంసారమునకు చెందిన మూడంగములుగా చూడ నేర్చెను. బలములేని పశువు, దానివలన బలములేని నేల, అందువలన చాలని మేత, మరల బలములేని పశువు, ఈ విషవలయము ఆమెకు కండ్లకు కట్టినది.

1946లో సంయుక్తరాష్ట్ర ప్రభుత్వము, అనగా నేటి ఉత్తరప్రదేశ్, ఆహారోత్పత్తిని పెంచు ఉద్యమమున ఆమెను గౌరవ సలహాదారుగా నియమించినది. యుద్ధము ముగిసినను దేశమున తిండికరవు తీరని కాలమది. ఆ పనిమీద జిల్లాలు తిరుగుచు ఆమె చూచిన దృశ్యములలో పట్టణములనుండి తరిమివేయబడిన పశువులు ముఖ్యమైనవి. పాలవ్యాపారి ఆవు ఒట్టిపోగనే దానిని వీధిలోనికి వదలును. అది అంగళ్లముందు చివాట్లు తిని, పొలములలో దెబ్బలు తిని, బందెలదొడ్డిలో పడును. అచ్చటినుండి దానిని విడిపించువాడు సామాన్యముగా దానిని మేపువాడు కాడు. రైతుకు ఆ పశువుపై ద్వేషము లేదు. తన బిడ్డల గింజలను అది మేసిపోవుచున్నదను భయము కలదు. ఒక్క పెద్దపశువునకు దినమునకు ఇరువది కిలోలకు తక్కువకాని పచ్చిమేత కావలెను. పాలులేని యెడల ఆ భారమును పేదరైతు ఎన్నేండ్లు మోయగలడు? ఆవు ఇరువదేండ్లు బ్రతుకగలదు. పాలిచ్చు కాలము అందులో సగముకంటె మించుట అరుదు.

మీరాబెన్ ఆలోచన సరళమైనది. పట్టణములలో మేత కొనవలెను. హిమాలయముల దిగువనున్న అడవుల యంచులలో గడ్డి ఏటేట పెరిగి ఎవరికి పనికిరాక ఎండిపోవుచున్నది. మేతను పశువుకడకు మోసికొనిపోవుటకంటె పశువును మేతకడకు చేర్చుట మేలు. ముసలి పశువు పాలు ఈయకపోయినను పేడ ఇచ్చును. దినమునకు పది కిలోలైనను ఇచ్చును. ఆ పేడతో కంపోస్టు ఎరువు చేసినచో బీడునేల సాగునకు వచ్చును. ఆకలిచే మాత్రమే చెడిన పశువులకు కొన్నాళ్లు మంచి మేత దొరకినచో తేరుకొని మరల ఈనగలవు. తేరుకొననివి శాంతితో తమ ఆయువు గడుపును. చచ్చిన పిదప తోలు, ఎముకలు వృథాపోవు. ఈ లెక్కలో దయకును వ్యవసాయమునకును వైరము లేదు. రెంటిని ఒకేచోట కూర్చుటయే ఆమె కోరిన ఏర్పాటు.

దేశము స్వతంత్రమైన 1947లో ఋషికేశమునకు దిగువ, గంగకు కుడిగట్టున, అడవిని ఆనుకొనిన భూమిలో ఆమె ఈ పనిని మొదలుపెట్టెను. దానికి పశులోక్ అని పేరు పెట్టెను. లోకమను మాట ఇచ్చట గమనింపదగినది. బందెలదొడ్డికిని, పింజరాపోలునకును గోడ కలదు. పశువునకు ఒక గాటిపాడు చాలదు, తిరుగుటకు నేల, పడుకొనుటకు చెట్టునీడ, త్రాగుటకు పారు నీరు గల ఒక లోకమే కావలెనని ఆమె భావించినది కాబోలు. పనివారికి గుడిసెలు, పశువులకు కొట్టములు వేయించి, ఆమె వారి నడుమనే నివసించెను. పశువుల నాడి తెలిసిన చేయి ఆమెది. బాల్యమున గుఱ్ఱపుసాలలలో నేర్చిన విద్య వార్ధక్యమున ఉపకరించినది.

1948 జనవరి 30వ తేదీన గాంధీజీ మరణవార్త ఆమెకు ఆ అడవియంచుననే చేరినది. దేశమెల్ల ఢిల్లీవైపు పరుగెత్తుచుండగా ఆమె కదలలేదు. తండ్రిగా భావించినవాని కడపటి దర్శనమును కూడ విడిచి పనిచోటనే నిలిచెను. అది కాఠిన్యమని కొందరు తలంచియుందురు. నేనట్లు తలంపలేను. పశువుల కొట్టమున మరునాటి ఉదయము మేత వేయవలసిన వేళకు వేయవలెను. ఎవరు మరణించినను ఆ వేళ మారదు. పశువులను పెంచిన ఇండ్లలో పుట్టినవారికి ఈ సంగతి వివరింపనక్కరలేదు.

అయినను పశులోక్ ఆమె కోరినంత సజావుగా సాగలేదు. ఆ సంస్థ ప్రభుత్వపు భూమితో, ప్రభుత్వపు ధనముతో ముడిపడినది. పశువునకు రోగము వచ్చినపుడు మందు ఆనాడే కావలెను. మనము పనిచేయు కచేరీలలో మంజూరునకు ఒక క్రమము కలదు. ఆ క్రమము అకారణముగా ఏర్పడినది కాదు. ప్రజాధనమునకు లెక్క ఉండవలెను. కాని ఫైలు నడక వేరు, పశువు ఆకలి వేరు. ఈ రెంటి నడుమ ఆమె చాల నలిగెను. సలహాలు గౌరవముతో వినబడి, ఆచరణలో జాడలేకుండ పోవుట ఆమెను క్రుంగదీసినది. ఇందు తప్పంతయు ప్రభుత్వముదే యనుట న్యాయము కాదు. ఆమెయు ఒకచోట దీర్ఘకాలము నిలుచు స్వభావము గలది కాదు. చెంతనే బాపూగ్రామమను పల్లెను నెలకొల్పెను. పిదప పశులోక్ భారమును విడిచి, 1952 ప్రాంతమున గఢ్వాలు కొండలలోనికి, భిలంగనా నదీలోయకు పోయి గోపాల ఆశ్రమమును కట్టుకొనెను. నిరాశ్రయ పశువులకు శాశ్వతనివాసము వెదకిన ఆ సాధ్వికి తనకు శాశ్వతనివాసము ఏర్పరచుకొనుట చేతగాలేదు.

కాని ఆ కొండలలో ఆమె మేతను గూర్చిన అన్వేషణను మానలేదు. ఇంకను లోతునకు పోయెను. పశువులకు ఆకుమేత నిచ్చు బాంజ్ అను ఓక్ జాతి చెట్లు తగ్గిపోయి, వాని స్థానమున చీడ్ అను దేవదారువంటి సూదియాకుల చెట్లు వ్యాపించుట ఆమె గమనించెను. బాంజ్ చెట్టు ఆకు రాలి మెత్తని పొరయై వాననీటిని పీల్చి నిలుపును. పశువు మేయును, ఊటలు ఎండవు. చీడ్ చెట్టు సూదులు నేలను కప్పి, వేసవిలో మంటలకు ఆహుతియగును. క్రింద గడ్డి మొలవదు, వాననీరు నిలువక వరదయై దిగును. ఋషికేశమున ఉన్నప్పుడు గంగలో తాను చూచిన వరదలకు మూలకారణము పైకొండలలో ఈ మార్పేనని ఆమె గ్రహించి, 1952లో హిమాలయములకు కలిగిన కీడును గూర్చి ఒక వ్యాసమే వ్రాసి అధికారుల దృష్టికి తెచ్చెను. రెండు దశాబ్దములు గడచిన పిమ్మట అదే గఢ్వాలులో చెట్లను కౌగిలించుకొని కాపాడిన చిప్కో ఉద్యమము పుట్టినది. దాని నాయకులలో నొకరైన సుందర్‌లాల్ బహుగుణ మీరాబెన్ వలన తాము పొందిన ప్రేరణను అంగీకరించిరి. ముసలి యావునకు మేత వెదకబోయిన చూపు ఈ విధముగా ఒక పర్వతశ్రేణి క్షేమమువరకు పోయినది.

పిదప ఆమె కాశ్మీరమునకు పోయి, ఇంగ్లండునుండి డెక్స్‌టర్ అను పొట్టిజాతి పశువులను తెప్పించి కొండపశువుల జాతిని బాగుచేయు ప్రయత్నము చేసెను. పనికిరానిదిగా ఎంచబడు పశువు పుట్టకుండ చేయుటయు ఆశ్రయమిచ్చుటవంటిదే యని ఆమె భావము. 1959 జనవరిలో ఆమె భారతదేశమును విడిచెను. 1960లో ఆమె ఆత్మకథ వెలువడినది. కొలదికాలములో ఆస్ట్రియాచేరి, వియన్నాకు సమీపమునందలి అడవులనడుమ పల్లెలలో, తన తొలి ప్రేమయైన బీథోవెన్ సంగీతము తోడుగా ఇరువదిరెండేండ్లు గడపెను. భారత ప్రభుత్వము పద్మవిభూషణ బిరుదముతో ఆమెను గౌరవించెను. 1982 జూలై 20వ తేదీన, తొంబదవ యేట, ఆమె కన్నుమూసెను.

ఆమె ఎత్తిన ప్రశ్న ఆమెతో పోలేదు. రాజ్యాంగము 48వ అధికరణమున గోసంరక్షణ ఆదేశికసూత్రములలో చేరినది. మొదటి పంచవర్ష ప్రణాళికలో, మీరాబెన్ ఆలోచనను పోలినట్లే, బీడు భూములలోను అడవి ప్రాంతములలోను 160 గోసదనములు కట్టవలెనని నిర్ణయించిరి. వానిలో చిన్న భాగము మాత్రమే ఆ కాలమున అమలునకు వచ్చినది. 1958లో సర్వోన్నత న్యాయస్థానము హనీఫ్ ఖురేషీ వ్యాజ్యమున తీర్పుచెప్పునపుడు, పనికి రాని యెద్దులను పోషించుటకు దేశమున మేత చాలదను వాదమునకు చాల విలువ నిచ్చినది. 2005లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ యభిప్రాయమును సవరించుచు, ముసలి పశువు పేడకును విలువ కలదని చెప్పినది. మీరాబెన్ పశులోకమున వేసిన లెక్కయే ఐదు దశాబ్దముల పిమ్మట న్యాయస్థానమున వినవచ్చినది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టము పట్టుబడిన పశువులకు వైద్యశాలలు, ఆశ్రయములు ఉండవలెనని చెప్పినది. హింసించువారినుండి స్వాధీనము చేసికొనిన పశువులను, వ్యాజ్యము తేలువరకు, గోశాలలలోను పింజరాపోళ్లలోను ఎట్లు పోషింపవలెనో 2017 నాటి నియమములు వివరించినవి.

చట్టము పశువును లారీనుండి దింపగలదు. ఆ తరువాత దాని ముందున్న పది, పదునైదేండ్లకు మేత ఎచ్చటినుండి వచ్చును అనునదే మిగిలిన ప్రశ్న. 2019 నాటి పశుగణనలో దేశమున యజమానిలేక తిరుగు గోజాతి పశువులు 50 లక్షలకు పైగా లెక్కకు వచ్చినవి. అవన్నియు ఒకప్పుడు ఎవరో ఒకరి గాటిని కట్టబడినవే, లేక అట్టివాని సంతానమే. వానిని చూచి జాలిపడి ఒకనాడు విడిపించువారికి మన దేశమున కొదువ లేదు. గోపూజకు అసలే కొదువ లేదు. ప్రతిదినము పేడ ఎత్తి, మేత కోసి, పుండు కడుగువారు అరుదు. అట్టివారికి జీతమును, అట్టి చోటునకు భూమియు స్థిరముగా నిచ్చు వ్యవస్థ ఇంకను అరుదు.

కొన్నేండ్ల క్రిందట కుటుంబముతో ఋషికేశయాత్రకు పోయినపుడు పశులోక్ ఎక్కడ అని ఆటో నడపువానిని అడిగితిని. అతడు తడుముకొనలేదు. గంగపై ఆనకట్టను చూపి పశులోక్ బ్యారేజి యన్నాడు. ఆ ప్రాంతమునందలి పెద్ద ఎయిమ్స్ ఆసుపత్రిని చూపినాడు. తెహ్రీ ఆనకట్టవలన ఇండ్లు మునిగినవారి కాలనీలను చూపినాడు. భాగీరథీ భిలంగనా నదుల సంగమమున ఆనకట్ట కట్టగా పాత తెహ్రీ పట్టణము నీటిపాలైనది. నిర్వాసితులైన కుటుంబములలో పెక్కింటికి పశులోక్ నేలపైననే క్రొత్త ఇండ్లు దొరకినవి. మీరాబెన్ ఒకప్పుడు నివసించిన భిలంగనా లోయ ప్రజలును వారిలో కలరు. నిలువనీడలేని పశువులకని కోరిన నేల నిలువనీడలేని మనుష్యులకు నీడయైనది. ఆమె బ్రతికియున్నచో దీనికి దుఃఖించెడిదో, సంతసించెడిదో నేను చెప్పలేను. రెండును చేసియుండెడిదని తోచుచున్నది. మీరాబెన్ ఎవరని కూడ ఆ ఆటోవానినే అడిగితిని. అతనికి తెలియదు. ఊరి పేరు మాత్రము అతని నోట నిలిచియున్నది.

పెద్ద పదవులు, పెద్ద బిరుదులు గల జీవితములను మన సంచికలలో తరచుగా స్మరించుకొందుము. సంపన్నుని ఇంట పుట్టి, సప్తసముద్రములు దాటివచ్చి, మనము విడిచిన ముసలి పశువుల నడుమ గుడిసె వేసికొనిన ఈ వనితను ఈ సంక్రాంతికి స్మరించుట సముచితమని తలంచితిని. మా నాయనమ్మ ఆ రాత్రి అన్నము ముట్టకపోవుటకు కారణము ఆమెకు తెలిసియుండెడిది. మన క్వార్టర్లలో కొట్టములు లేవు. కాని మన స్వగ్రామములలో గోశాలలు కలవు, వానికి గడ్డి కావలెను, పనివారికి జీతము కావలెను. కనుమనాడు గారెలు వండుకొనునపుడు, మన ఊరి గోశాలకు ఒక్క గడ్డిబండి వెల పంపినను, ఒక్కనాటికిగాక ఏటేట పంపినను, ఆ మహనీయురాలి స్మృతికి అది తగిన అర్చన యగును.